దొడ్డితోవ చదువు

దరఖాస్తులో ‘విద్యార్హత’ అని ఒక గడి ఉంటుంది. 1993లో నేను నింపిన దరఖాస్తులో ఆ గడిని ఖాళీగా వదిలేశాను. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా పెళ్లి చేశారు, చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు. అయినా ఆ దరఖాస్తు తీసుకున్నారు. అర్హత పరీక్ష రాయమన్నారు. రాశాను, పాసయ్యాను. పదో తరగతి లేదు, ఇంటర్ లేదు, నేరుగా బి.ఏ.! తెలకపల్లిలో ఎవరూ నమ్మలేదు. మా ఆయన కూడా నమ్మలేదు. పుస్తకాల కట్ట ఇంటికొచ్చిన రోజున మాత్రం దాన్ని తానే విప్పి, పైపుస్తకం మీద అచ్చయిన అంబేద్కర్ పేరును వేలితో తడిమి, ఏమీ అనకుండా మళ్లీ కట్టేశాడు.

చాలా ఏళ్ల తర్వాత, నా వ్యాసాలు నాలుగైదు అచ్చయ్యాక, ఒక సాహిత్య సభలో ఒకరు నన్ను పరిచయం చేసుకుని, “మీది దొడ్డితోవ డిగ్రీ కదా, అయినా బాగా రాస్తున్నారే” అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. నేనూ నవ్వేశాను. రాత్రి బస్సులో తిరిగొస్తుంటే ఆ మాట గుచ్చుకోవడం మొదలైంది.

మా పల్లెల్లో దొడ్డితోవ ఎవరిది? నీళ్లకు పోయేదీ, పెండ ఎత్తేదీ, బర్రెను తోలుకొచ్చేదీ ఆ దారినే. మగవాళ్లూ చుట్టాలూ వచ్చే ముందటి వాకిలి వేరు. ఆడవాళ్లం రోజంతా నడిచే దారి మాత్రం ఇంటి వెనకదే. చదువు దగ్గర కూడా అంతే జరిగిందా అని అప్పటినుంచి వెనక్కి వెతకడం అలవాటైంది.

వెతికితే మొదట కనిపించింది భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. బడికి పోలేదు. చిన్నప్పుడే పెళ్లయి భర్తతో మధ్యపరగణాలకు వెళ్లిపోయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం అక్క దగ్గరికి వస్తే, అతను చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. అలా నేర్చుకున్న మనిషి 1901 నాటికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చింది. స్త్రీలు అబలలనీ, చదువుకు తగరనీ అనేవాళ్లకు జవాబుగా రాస్తున్నానని చెప్పి మరీ స్త్రీల జీవితచరిత్రలు పోగేసింది. ముప్పై ఏళ్లు దాటి రెండేళ్లయినా బతకలేదు. మన భాషలో స్త్రీల చరిత్రకు పునాది వేసిన ఆమెకు తరగతి గది అంటే ఏమిటో తెలియదన్న సంగతి మన విశ్వవిద్యాలయాల వాళ్లు ఎప్పుడైనా నిదానంగా ఆలోచించారా అని నాకు అనుమానం.

తర్వాత దుర్గాబాయి. ఎనిమిదేళ్లకు పెళ్లి, ఉద్యమం, జైలు... ఇవన్నీ అయ్యాక బనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టింది. తాను నడిచిన దారి ఇంకొందరికి పనికొస్తుందని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్లను అదే పరీక్షకు తయారుచేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, వయసొచ్చిన స్త్రీలు కొద్దికాలంలో చదువు పూర్తిచేసుకునే కుదింపు కోర్సులను 1958లో దేశమంతటికీ తెచ్చింది. భర్త చనిపోయినవాళ్లూ, వదిలేసినవాళ్లూ ఆ కోర్సులు చదివి టీచర్లయ్యారు, గ్రామసేవికలయ్యారు.

హైదరాబాదులో ఆడపిల్లలకు కాలేజీ 1924లోనే మొదలైంది, నిజమే. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం కూడా అయింది. కానీ తెలకపల్లి ఆడపిల్లకు ఆ కాలేజీ చంద్రమండలంలో ఉన్నట్టే. నా చిన్నప్పుడు మా ఊరి ఆడపిల్లల్లో నాగర్‌కర్నూల్ దాటి చదువుకు పోయినవాళ్లు నాకు గుర్తున్నంతలో లేరు.

దూరపు సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీ ఆలోచనను పట్టుబట్టి నడిపించినది జెన్నీ లీ అనే మంత్రి. స్కాట్లండు గనికార్మికుడి బిడ్డ. 1969లో దానికి ఛార్టర్ వచ్చింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి. పదకొండేళ్లకు, 1982 ఆగస్టులో, మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదు కేంద్రంగా పుట్టింది. మొదటి వైస్‌ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ ఆయనే మొదటివాడు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. అచ్చమాంబకు తమ్ముడు కావలసివచ్చింది. దుర్గాబాయికి ఎవరికీ లేనంత మొండితనం కావలసివచ్చింది. నాకు ఒక పోస్టుమ్యాన్ సరిపోయాడు. తేడా అక్కడుంది. తమ్ముళ్లు చదువుకోని ఇళ్లకు కూడా పాఠం వచ్చింది.

ఇదంతా అప్పుడు నాకేమీ తెలియదు. తెలిసింది ఆదివారం పొద్దున ఆరు గంటల బస్సు. తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్, అక్కడ బస్సు మారి బిజినేపల్లి, భూత్పూర్ మీదుగా పాలమూరు. అధ్యయన కేంద్రం అక్కడి ప్రభుత్వ కాలేజీలో. ఇప్పుడంటే నాగర్‌కర్నూల్ వేరే జిల్లా అయింది, 2016లో. అప్పుడు అంతా మహబూబ్‌నగరే. పాలమూరు విశ్వవిద్యాలయం రావడానికి కూడా ఇంకా పదిహేనేళ్లుంది. మూడేళ్లు ఆ దారిలో పోయి వచ్చాను. కిటికీ పక్కన సీటు దొరికితే చదువుకునేదాన్ని, దొరక్కపోతే నిలబడే కునికేదాన్ని.

ఆ దారి గురించి ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. మేం పరీక్షల్లో తొలి తెలుగు కవయిత్రి ఎవరంటే తాళ్లపాక తిమ్మక్క అని రాసేవాళ్లం. అన్నమయ్య భార్య, సుభద్రా కల్యాణం రాసిన ఆమె. చాలా కాలానికి, తెలంగాణ సాహిత్య చరిత్రను తిరగరాసేవాళ్లు కుప్పాంబిక పేరు ముందుకు తెచ్చాక తెలిసింది. ఆమె రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డి కూతురు. తిమ్మక్కకంటే దాదాపు రెండు వందల ఏళ్లు ముందుది. రుద్రమదేవి కాలం. మెట్టినవాళ్లు ఏలింది వర్ధమానపురం నుంచి, అంటే మా బిజినేపల్లి పక్కన నందివడ్డెమాను. భర్త గుండ దండనాథుడు పోయాక అతని పేరున గుడి కట్టించి 1276లో శాసనం వేయించింది బుద్ధపురంలో. బుద్ధపురం అంటే భూత్పూర్! నా బస్సు పది నిమిషాలు ఆగి, డ్రైవరు చాయ తాగే భూత్పూర్. తొలి కవయిత్రి ఎవరన్న ప్రశ్నకు జవాబును బట్టీ పట్టుకుంటూ నేను ఆమె రాయి పక్కనుంచే పోయాను, వారం వారం, మూడేళ్లు.

కుప్పాంబికను నెత్తిన పెట్టుకుని ఊరేగమని కాదు. దండనాయకుడి భార్య, ఏలినవాళ్ల బిడ్డ. భూమి ఉంది, దానమిచ్చింది, కాబట్టి రాయి మీద పేరుంది. ఆమె రాసిందని మిగిలిన పద్యం ఒక్కటే. ఆ రాయి చెక్కినవాళ్ల పేర్లు, గుడికి మట్టి మోసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అయినా నాకు కోపం వచ్చింది. తెలకపల్లి దానికి సాహిత్యమేంటి అని ఎవరన్నా అంటారేమోనని భయపడి బతికిన ఆ మూడేళ్లూ, సాహిత్యం మా దారిలోనే ఉందని చెప్పినవాళ్లు లేకపోయారే అని.

పుస్తకాల సంగతికి వస్తాను. అవి మామూలు పాఠ్యపుస్తకాల్లా ఉండేవి కావు. ఎదురుగా పంతులుండడని తెలిసి రాసినవి. పాఠం నడుమ నడుమ ఒక చిన్న ప్రశ్న, దాని కింద మూడో నాలుగో చుక్కల గీతలు. అక్కడే జవాబు రాసుకుని సరిచూసుకోవాలి. పెళ్లయిన పదేళ్లలో నేను రాసినవి రెండే: కిరాణం చిట్టీ, మా అమ్మకు ఉత్తరం. అమ్మకు చదువు రాదు, ఎవరో ఒకరు చదివి వినిపించాలి. కాబట్టి ఆ ఉత్తరాల్లో ‘అందరం క్షేమం’ తప్ప ఇంకేమీ రాయలేకపోయేదాన్ని. కడుపులో ఉన్నది కార్డు మీద పెడితే ఊరంతా చదువుతుంది. చుక్కల గీతల మీద రాసింది మాత్రం ఎవరూ చదవరు. ఈ ధీమా ఎంత గొప్పదో ఒంటరిగా ఒక గది ఉన్నవాళ్లకు అర్థం కాకపోవచ్చు. మొదట పెన్సిల్‌తో రాశాను. తర్వాత పెన్నుతో. రెండో ఏడు వచ్చేసరికి నాలుగు గీతలు చాలక పేజీ అంచుల మీదికి, అక్కణ్నుంచి పిల్లల పాత నోటుబుక్కుల్లోకి పాకింది నా రాత.

అయితే రాసిందేమిటి? పుస్తకం భాషే. ‘ప్రజలు అనేక ఇబ్బందులను ఎదుర్కొన్నారు.’ ‘భూస్వాముల దోపిడికి ప్రజలు గురయ్యారు.’ ఆదివారం తరగతుల్లో చరిత్ర చెప్పే మేడమ్ ఒకామె ఉండేది. పరీక్షల ముందు ఒకసారి మా చేత తెలంగాణ సాయుధ పోరాటం మీద జవాబు రాయించి దిద్దింది. నా కాగితం మీద మార్కులు వేయలేదు. ‘ప్రజలు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసి, చివర ఒకే ప్రశ్న రాసింది: “ఈ ప్రజలు ఎవరు? మీకు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?” సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి వారం ఆమె తన సంచిలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’.

ఈ పత్రిక చదివేవాళ్లకు ఆ పుస్తకం గురించి నేను చెప్పనక్కర్లేదు. నాకేమయిందో మాత్రం చెప్తాను. అందులో ఆడవాళ్లు మాట్లాడుతున్నారు. వాళ్లు మాట్లాడినట్టే అచ్చువేశారు. పోరాటంలో తుపాకి పట్టిన సంగతితో పాటు, దళంలో ఉండగా బిడ్డను కన్న సంగతి, ఆ బిడ్డను ఏం చేయాలన్న సంగతి, పోరాటం ఆగిపోయాక ఇక వంటింటికి పొమ్మన్నప్పటి సంగతి. చరిత్ర అంటే జరిగిపోయింది అనుకున్నదాన్ని. మా అత్త మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు చరిత్ర చెప్పొచ్చన్నది నాకు కొత్త. ఆ పుస్తకాన్ని బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగకుండా పోయాను, ఆ ఒక్కసారే.

మా అత్త గురించి చెప్పకపోతే ఈ చదువు గురించి చెప్పినట్టే కాదు. ఆదివారం ఇద్దరు పిల్లల్నీ ఆమె మీద వదిలి పోయేదాన్ని. ప్రేమతో చూసుకుందని రాస్తే ఆమే ఒప్పుకోదు. లెక్క మనిషి. పొద్దుగూకి ఇంట్లో అడుగుపెట్టానో లేదో మొదలుపెట్టేది.

“ఏం పిల్లా, పొద్దుగాల పోతివి, పొద్దుమూకి వస్తివి. ఏం నేర్సుకొస్తివి? చెప్పు. బస్సు కిరాయి ఊకెనే వస్తదా?”

చెప్పాల్సిందే. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తూ నేను అశోకుడు, అక్బరు, ఆర్థిక సంఘం, అన్నీ ఆమెకు అప్పజెప్పాను. కొన్ని వినేది, కొన్నింటికి ఆవలించేది. ఆ రోజు చెప్పింది బహుళార్థసాధక ప్రాజెక్టుల పాఠం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడనీ, 1967లో కాలువలకు నీళ్లు వదిలారనీ, సిమెంటు కాంక్రీటుతో కాక రాతితో కట్టిన డ్యాముల్లో చాలా పెద్దదనీ చదివాను.

“అది మేం కట్టిందే గదా” అంది అత్త, రొట్టె తిరగేస్తూ.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యాం కడుతున్నా, కాలువ తవ్వుతున్నా, గుంపు మేస్త్రీల వెంట మావాళ్లుంటారు. అత్తామామలు సాగర్‌కు పోయారని నాకు తెలుసు, చూచాయగా. ఆమె అక్కడ నాలుగేండ్లు ఉందనీ, మా ఆయన 1961లో ఆ కొండల కింద కూలీల గుడిసెల్లోనే పుట్టాడనీ ఆ రాత్రి తెలిసింది. ఆయన బడి సర్టిఫికెట్‌లో పుట్టిన ఊరు తెలకపల్లి! నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి పన్నెండేళ్లు.

“నీ బుక్కుల మేం లేమా?” అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నేను పేజీలు తిప్పాను. కట్ట ఎత్తు ఉంది, పొడవు ఉంది, ఎన్ని ఎకరాలు పారుతుందో ఉంది. పాఠం కింద ప్రశ్న: ప్రాజెక్టుల ప్రయోజనాలు తెల్పండి. దాని కింద నా చేతిరాతతో, సాగు, విద్యుత్తు, వరదల నివారణ, చేపల పెంపకం. మా జిల్లా అంచున పారే కృష్ణమ్మకు మావాళ్లు కట్టిన ఆ కట్ట నుంచి తెలకపల్లికి చుక్క నీరు రాలేదన్నది కూడా ఆ నాలుగు గీతల్లో లేదు.

ఆ తర్వాత ఆరు నెలలు అడిగేది నేను, చెప్పేది ఆమె. ఒక్కోసారి చెప్పేది కాదు. “అదెందుకే ఇప్పుడు” అని లేచిపోయేది. గుడిసెల్లో పోయిన తొలి బిడ్డ దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచిపోయేది. అక్కడ నేను ఆగడం నేర్చుకున్నాను. ఇది ఏ పాఠంలోనూ లేదు గాని, ఆ కోర్సు వల్లే వచ్చింది. అంతకు ముందు ఆమె నాకు అత్త. ఆమె కోపానికి జవాబు చెప్పుకోవడం, ఆమె కంటే ముందు లేవడం, అంతే సంబంధం. ఇరవై ఏళ్ల పిల్ల ఒకతి ఎండలో నెత్తిన తట్ట పెట్టుకుని కట్ట ఎక్కుతున్నట్టు కనబడ్డాక ఆమెతో మునుపటిలా మాట్లాడటం నాకు చేతకాలేదు. అలాగని మా మధ్య పోట్లాటలు ఆగిపోయాయని కాదు. రకం మారింది.

ఈ చదువును మరీ ఎత్తడం కూడా నాకిష్టం లేదు. మొదటి ఏడు మా తరగతిలో ఆడవాళ్లం పదకొండు మందిమి. మూడో ఏడు నలుగురం మిగిలాం. ఒకరికి కాన్పు, ఒకరికి భర్త బదిలీ, ఒకామెకు ‘ఆదివారం కూడా ఇంట్లో ఉండకపోతే ఎట్లా’ అన్న మాట. ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు అని చెప్పేవాళ్లు. ఆ మాట లోపల ‘ఇంట్లో కూర్చో’ అన్న మాట కూడా ఉంది. ఇల్లు ఏమీ మారనక్కర్లేదు. పత్తి ఏరివచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, పిల్లలు పడుకున్నాక మిగిలిన నిద్రలోంచి చదువును ఆమే కోసుకోవాలి. దొడ్డితోవ తెరిచినవాళ్లు ముందటి వాకిలి జోలికి పోలేదు. 1982 నుంచి ఇప్పటిదాకా దూరవిద్య మీద మన స్త్రీవాదులు రాసింది చాలా తక్కువ అని నా ఫిర్యాదు. కథలు, కవిత్వం, ఉద్యమాలు చర్చకు వచ్చినంతగా, రాత్రి పదకొండింటికి లాంతరు పెట్టుకుని చుక్కల గీతలు నింపిన ఆడవాళ్లు రాలేదు. వాళ్లలో ఎందరు తర్వాత ఏం రాశారో, ఎందరు ఎక్కడ ఆగారో ఎవరైనా కూర్చుని అడిగి రాసుకోవాలి. అడిగితే చెప్తారు. కొందరు లేచిపోతారు.

1996లో డిగ్రీ అయింది. తర్వాత ఎం.ఏ. తెలుగు, అదీ దూరవిద్యే. ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పే పని దొరికింది. పిల్లల చేత వ్యాసం రాయించినప్పుడు ‘ప్రజలు’ అన్న మాట కింద నేనూ గీత గీస్తుంటాను.

1997లో నా మొదటి వ్యాసం ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చింది, మా అత్త మీద. సాగర్ కట్టకు రాళ్లు మోసిన చేతులు అని ఏదో రాశాను. పత్రిక పట్టుకుని ఇంటికొచ్చి, వాకిట్లో కూర్చోబెట్టి చదివి వినిపించాను. మొత్తం విన్నది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

“రాళ్లు మేం మోయలే” అంది.

“అదేందత్తా, నువ్వే కదా చెప్పింది.”

“నేనెప్పుడు చెప్తిని? రాళ్లు మొగోళ్లు మోసిన్రు, కట్టెలకు కట్టి, నలుగురు నలుగురు. మేం మోసింది మాలు. ఇనుప తట్టల్ల. తడి మాలు కారి ఇగో ఈడ, మెడ మీద, పొక్కులొచ్చేటివి. రాళ్లు మోసినమని రాస్తే మా మేస్త్రి ఇంటే నవ్వడా? మార్పించు.”

మార్పిస్తానన్నాను. పత్రికకు ఉత్తరం రాశాను. అది అచ్చు కాలేదు. ఆమె ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగింది, మార్పించినవా పిల్లా అని. 2011లో పోయింది. ఆ వ్యాసం ఒక సంకలనంలోకి కూడా ఎక్కింది, రాళ్లతోనే.

మా అత్త సాగర్ కట్టకు మోసింది రాళ్లు కాదు, మాలు.